అతుకు కనబడితే ఏం?

నాలుగు నెలల పాటు మా భోజనాల బల్ల మీద ఓ మూల నల్ల అట్ట ఒకటి పడి ఉంది. పక్కన కత్తెర, మైదా జిగురు గిన్నె, ఒక చీర అట్టపెట్టె. అమ్మ పోయాక చెల్లెలూ నేనూ పంచుకున్న కాగితాల్లో నా వాటా ఆ పెట్టెలో ఉంది. పసుపు అంటిన శుభలేఖలు, పాత కేలండర్లలోని దేవుళ్లు, వారపత్రికల్లోంచి చింపి దాచిన సీరియల్ పేజీలు, మందుల చీటీలు, నీలం సిరాతో నిండిన ఒక పద్దుల పుస్తకం. వీటితో ఒక కొలాజ్ చేద్దామనుకున్నాను. రోజూ సాయంత్రం ముక్కలన్నీ అట్ట మీద పరిచేదాన్ని. ఇటుది అటూ అటుది ఇటూ జరిపేదాన్ని. అన్నాల వేళకి మళ్లీ పెట్టెలో సర్దేసేదాన్ని. ఒక్క ముక్క కూడా అంటించలేదు. జిగురు పులిసిపోతే పారబోసి మళ్లీ కాచుకున్నాను, అంతే.

నేను ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషిని. చిత్రకారిణిని కాను. నా కొలాజ్‌ని ఎవరూ ప్రదర్శనలో పెట్టరు, ఎవరూ మార్కులు వెయ్యరు. మరి ఎవరికి భయపడుతున్నాను? ఈ ప్రశ్న నన్ను కొలాజ్ కంటే ఎక్కువ సతాయించింది. ఎందుకంటే ఈ భయం నాకు కొత్తది కాదు. కథ రాసి పంపకుండా సొరుగులో పెట్టినప్పుడూ ఇదే. సభలో చెయ్యెత్తబోయి దించేసినప్పుడూ ఇదే. అప్పట్లో దానికి నేను పెట్టుకున్న పేరు 'నాణ్యత పట్టింపు'. ఆ పేరు అబద్ధమేమోనని ఇప్పుడు అనుమానం.

చిన్నప్పుడు నాకు ముగ్గు నేర్పింది మా నాయనమ్మ. చుక్కలు కలిపేటప్పుడు గీత వంకరపోతే నీళ్లు చల్లి చెరిపించి మళ్లీ పెట్టించేది. వీధిన పోయేవాళ్లకి ఆ ఇంటి ఆడపిల్ల ఎలాంటిదో ముగ్గే చెబుతుందనేది. అలా వాకిట్లో ముగ్గు నా మీద ఊరు చదివే సర్టిఫికెట్ అయి కూర్చుంది. తర్వాత దోసె గుండ్రం, చీర కుచ్చిళ్లు, చేతిరాత. మా క్లాసులో మగపిల్లాడి రాత కోడి కెలికినట్టుంటే "డాక్టరవుతాడులే" అని నవ్వేవాళ్లు. ఆడపిల్ల రాత అలా ఉంటే "ఆడపిల్లవేనా నువ్వు?" అనేవాళ్లు. పిల్లాడి తప్పు పలక మీద ఉండిపోతుంది. మా తప్పు మా ఒంటికి అంటుకుంటుంది.

రాయడంలో దీనికి ఒక పేరుంది, 'ఫెయిర్ చెయ్యడం'. నా తరం వాళ్లకి తెలుసు. ఒక్క కొట్టివేత కనబడితే పేజీ మొత్తం తిరగరాయాలి. ఎం.ఫిల్. చేసేటప్పుడు ఒక అధ్యాయాన్ని నేను నాలుగుసార్లు ఫెయిర్ చేశాను. అందులో నేను చదివిన నవలలున్నాయి, వాటిని చదువుతూ మా వీధి ఆడవాళ్లు చేసిన వ్యాఖ్యానాలున్నాయి, అమ్మ సీరియల్ పేజీల అంచుల్లో రాసుకున్న మాటలున్నాయి. నా గైడు చదివి, నొప్పించకుండానే, "ఇది అతుకుల బొంతలా ఉందమ్మా" అన్నారు. నేను ఇంటికి వచ్చి ఆడవాళ్ల మాటలన్నీ తీసేశాను. సిద్ధాంతం మిగిలింది. డిగ్రీ వచ్చింది. తీసేసిన ఆ పాతిక పేజీలు ఇప్పుడు నా దగ్గర లేవు. వీధిలో ఆ మాటలన్నవాళ్లలో సగం మంది లేరు. పొందిక కోసం నేను వదులుకున్న దాని విలువ నాకు ఇరవయ్యేళ్ల తర్వాత తెలిసింది.

మన విమర్శలో 'అతుకుల బొంత' తిట్టు. ఒక రచనని అలా అన్నామంటే ఇంక దాని గురించి మాట్లాడనక్కర్లేదు. కానీ బొంత కుట్టింది ఎవరు? మా నాయనమ్మ పాత చీరలు, చిరిగిన పంచెలు, పరికిణీ ముక్కలు పొరలు పొరలుగా పరిచి, ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ కూర్చుని కుట్టేది. ఆ బొంత మీద పడుకుని మేము చదువుకున్నాం. ముగ్గు దగ్గర ఒక్క వంకర గీత ఒప్పుకోని మనిషి, బొంత దగ్గర ఏ రంగు పక్కన ఏ రంగు పడినా ఏమీ అనేది కాదు. ముగ్గు వీధికి. బొంత మాకు. ఈ తేడా చాలాకాలం నా బుర్రకి తట్టలేదు.

కళాచరిత్ర పుస్తకాలు కొలాజ్‌ని 1912లో మొదలుపెడతాయి. పికాసో తన చిత్రంలో కుర్చీ అల్లిక అచ్చువేసిన గుడ్డని అతికించాడు, బ్రాక్ గోడకాగితాన్ని అంటించాడు, అక్కడితో ఒక కళ పుట్టింది. 1977-78 శీతాకాలంలో అమెరికాలోని 'హెరెసీస్' అనే స్త్రీవాద పత్రిక స్త్రీల సంప్రదాయ కళల మీద ఒక సంచిక తెచ్చింది. అందులో మిరియం షాపిరో, మెలిస్సా మేయర్ అనే ఇద్దరు చిత్రకారిణులు ఈ పుట్టుక కథని ప్రశ్నించారు. ఆడవాళ్లు అంతకు చాలా ముందునుంచీ గుడ్డముక్కలు, ఉత్తరాలు, ఫొటోలు, కత్తిరించిన కాగితాలు దాచి, జోడించి, అతికిస్తూనే ఉన్నారు కదా, అది కొలాజ్ ఎందుకు కాలేదు అని అడిగారు. ఆ పనికి 'ఫెమాజ్' అని పేరు పెట్టారు. కుట్టడం, కత్తిరించడం, అతకడం, ఆఖరికి వంట కూడా ఆ పేరు కింద చేర్చారు. దాచిపెట్టడం దాని లక్షణమన్నారు. అయినవాళ్లు చూడటం కోసమే చేసేదన్నారు. ఆ వ్యాసం చదువుతుంటే మా నాయనమ్మ బొంతకి ఎవరో ఎట్టకేలకు వకాల్తా పుచ్చుకున్నట్టనిపించింది.

అయినా ఒక పేచీ ఉంది. పేరు మార్చినంత మాత్రాన భయం పోదు. 'మీ బొంతా కళే' అంటే, ఇప్పుడు బొంతని కూడా కళలా కుట్టాలేమో అన్న కొత్త భయం మొదలవుతుంది.

అందుకే నాకు హన్నా హోఖ్ దగ్గరైంది. ఆమె 1916 నుంచి 1926 దాకా బెర్లిన్‌లో ఒక పెద్ద ప్రచురణ సంస్థలో ఎంబ్రాయిడరీ, లేసు నమూనాలు గీసే ఉద్యోగం చేసింది. అంటే పగలంతా ఆడవాళ్లకి చక్కటి కుట్టు నేర్పే పని. అదే చేత్తో పత్రికల ఫొటోలు కత్తిరించి 1919-20లో పెద్ద ఫొటోమాంటేజ్ చేసింది. దాని పేరు చాంతాడంత. వైమార్ జర్మనీ బీరు బొజ్జని దాదా వంటింటి కత్తితో కోసినట్టు అని ఆ పేరులో ఉంది. వంటింటి కత్తి అన్న మాట ఆమె ఊరికే వాడలేదు. నాయకుల తలలు నాట్యకత్తెల ఒళ్ల మీద కూర్చున్నాయి, చక్రాలూ గుంపులూ ఒకదానిమీదొకటి ఎక్కాయి. కింద కుడి మూలన, స్త్రీలకి ఓటుహక్కు వచ్చిన ఐరోపా దేశాల పటం, దాని అంచున చిన్నగా ఆమె ముఖం. 1920లో బెర్లిన్‌లో జరిగిన దాదా ప్రదర్శనలో ఆమెని చేర్చడానికి తోటి విప్లవకారులే ఒప్పుకోలేదు. హౌస్‌మన్ తానూ తప్పుకుంటానంటే చేర్చారు. దాదావాదుల్లో ఒకడైన హాన్స్ రిఖ్టర్ తర్వాత జ్ఞాపకాలు రాస్తూ, డబ్బుల్లేని రోజుల్లో ఆమె ఎలాగో సమకూర్చిన సాండ్‌విచ్‌లనీ బీరునీ కాఫీనీ తలుచుకున్నాడు.

ఆ చిత్రంలో అతుకులు దాచలేదు. తలకీ ఒంటికీ పొంతన కుదరకపోవడమే అందులో విషయం. అతుకు దాచేస్తే, నాయకుడి తల నాట్యకత్తె ఒంటి మీదికి ఎవరో తెచ్చి పెట్టారన్న సంగతే మాయమవుతుంది. మన బతుకుల్లో కూడా చాలా విషయాలు అలా ఎవరో తెచ్చి అతికించినవే. చూపించడానికి వాటి అంచులు కనబడాలి.

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగొచ్చు, "అయితే చక్కగా చేయడం తప్పా? నిర్లక్ష్యమే స్వేచ్ఛా?" అని. నేను కూడా నన్ను అడిగాను. జవాబు మేరీ డిలేనీ దగ్గర వెతికాను. 1700లో ఇంగ్లండులో పుట్టింది. పదిహేడేళ్లకి, ఇష్టం లేకుండానే, అరవై దగ్గరపడిన మనిషితో పెళ్లి చేశారు. అతను పోయాక చాలా ఏళ్లకి తనకు నచ్చిన మనిషిని చేసుకుంది. ఆయనా పోయాడు. 72వ యేట, జెరేనియం పువ్వు రేకు రంగులోనే ఉన్న ఎర్ర కాగితం ముక్క చూసి, దాన్ని రేకుల్లా కత్తిరించి అంటించింది. చూసిన స్నేహితురాలు నిజం పువ్వే అనుకుందట. అక్కణ్ణించి పదేళ్లు, కంటిచూపు తగ్గి 1782లో ఆపేసేదాకా, నల్ల కాగితం మీద 985 మొక్కలు చేసింది. ఒక్క పువ్వుకే 200కు పైగా రేకులు కత్తిరించింది. అప్పుడప్పుడూ నిజం ఆకునే తెచ్చి అతికించేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇంత సూక్ష్మమైన పనిని చూసి, ఈమె తప్పు భరించలేని మనిషి అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. తప్పుకి భయపడే మనిషి 72వ యేట మొదలుపెట్టదు, పదేళ్లలో 985 పూర్తిచెయ్యదు. నాలాగా నాలుగు నెలలు ముక్కలు జరుపుకుంటూ కూర్చుంటుంది. డిలేనీ ఎదురుగా పువ్వు ఉంది, ఆమె దాన్ని చూసింది. నా ఎదురుగా ఉన్నది నాయనమ్మ చెప్పిన ఆ 'వీధి'. శ్రద్ధ పనిని చూస్తుంది, భయం పనిని చూసేవాళ్లని చూస్తుంది. పైకి రెండూ ఒకేలా వంగి, కళ్లు చికిలించి కూర్చుంటాయి. లోపల ఏది కూర్చుందో ఆ మనిషికే తెలియాలి.

ఇంతవరకూ ఆలోచన బాగానే సాగింది. అప్పుడు అమ్మ పద్దుల పుస్తకం తెరిచాను.

అది కాగితం సంచుల లెక్క. 1970ల్లో, తెనాలిలో, నాన్న జీతం సరిపోక అమ్మ పాత వార్తాపత్రికలు కొని సంచులు అంటించి పచారీ కొట్టుకి ఇచ్చేది. 'పెద్దవి 200, చిన్నవి 350, తీసేసినవి 14'. పేజీల నిండా ఇదే. తీసేసినవి అంటే అడుగు ఊడినవి, జిగురు సరిగ్గా పట్టనివి. కొట్టు ఆయన వాటికి డబ్బులిచ్చేవాడు కాదు. ఆ పద్నాలుగు చూసేసరికి నా గొంతులో మాట ఆగిపోయింది. 'తప్పులు చెయ్యండి, ధైర్యంగా అంటించండి' అని నేను ఎవరికి చెప్పబోతున్నాను? తప్పుకి కూలి కోసేసే చోట పనిచేసే ఆడవాళ్లకి చెప్పగలనా? బీడీలు చుట్టే ఆడవాళ్లకి, బాగాలేవని పక్కకి తీసేసిన బీడీల కూలి రాదు. వాళ్ల దగ్గర నా భయం గురించి మాట్లాడితే అది తీరిక రోగంలా వినిపిస్తుంది. తప్పు చేసే స్వేచ్ఛ కూడా ఒక ఆస్తే. పెన్షను వచ్చే నాకు ఉంది. అమ్మకి లేదు.

కానీ అమ్మ చేతులు గుర్తున్నాయి. అవి భయపడిన చేతులు కావు. కింద కూర్చుని, పత్రికల్ని మెట్లు మెట్లుగా పరిచి, అన్నింటి అంచులకీ ఒకేసారి జిగురు రాసి, టకటకా మడిచేసేది. తినే సరుకులు పెట్టేవి కాబట్టి జిగురులో మైలుతుత్తం వెయ్యనిచ్చేది కాదు. అది మాత్రం గట్టి పట్టింపు. నేను పక్కన కూర్చుని అంచుకి అంచు సరిగ్గా కలిపి, అక్షరాల వరస కూడా తప్పకుండా అంటించాలని చూసేదాన్ని. అమ్మ పది చేసేసరికి నాది ఒకటి. ఒకరోజు నా చేతిలోది లాక్కుని, గోటితో అడుగు అతుకుని ఒక్కసారి గట్టిగా గీరి చూసి, "ఊడకూడదు. కనబడితే ఏం?" అంది.

అమ్మకి తను ఏం చెప్పిందో గుర్తుండి ఉండదు. నాకూ ఇన్నేళ్లూ గుర్తులేదు. కానీ తెలుగు విమర్శ నాకు నేర్పని కొలత అందులో ఉంది. కనబడటం వేరు, ఊడటం వేరు. స్త్రీవాద కవిత్వం వచ్చిన కొత్తలో, దళిత సాహిత్యం వచ్చిన కొత్తలో 'శిల్పం ఏది?' అని అడిగినవాళ్లు అతుకు కనబడుతోందన్నారు. అది ఎంత బరువు మోస్తోందో చూడలేదు. నేను కూడా విద్యార్థినుల కథలకి అలాంటి వ్యాఖ్యలు రాసి ఇచ్చిన రోజులున్నాయి. ఎంతమంది వాటిని తీసుకెళ్లి సొరుగులో పెట్టేశారో.

ఆ సాయంత్రం పెద్ద అట్ట పక్కన పెట్టి, పోస్టుకార్డంత అట్టముక్కలు ఇరవై కోసుకున్నాను. ఒకటే అయితే అది నా సర్వస్వం అవుతుంది, ఇరవై అయితే ఒకటి పాడైనా పోయేదేం లేదు. కత్తెర వదిలేసి చేత్తో చింపాను. పత్రిక కాగితం ఒక వైపు గీత గీసినట్టు చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. కాగితానికీ ఒక పోగు ఉంటుంది. చెయ్యి ఎంత అనుకున్నా కాగితం తన దారిన తను కొంత పోతుంది. ఆ కొంత దగ్గర నాకు హాయిగా అనిపించింది, తప్పు మొత్తం నాది కాదు కదా! జిగురు తడికి కాగితం సాగి ముడతలు పడింది. జిగురు పల్చగా రాసి, ఒక నిమిషం నాననిచ్చి, అంటించాక పుస్తకాల బరువు పెడితే ముడతలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. గంటలో ఒక కార్డు అయిపోవాలని నియమం పెట్టుకున్నాను. అయిదో కార్డుకి నా చూపు మారింది. ఎలా ఉందని కాకుండా, తర్వాత ఏది అని చూస్తున్నాను. ఆత్మవిశ్వాసం ముందు వచ్చి తర్వాత పని మొదలవుతుందనుకునేదాన్ని. అది నాలుగో కార్డుకీ అయిదో కార్డుకీ మధ్య ఎక్కడో వచ్చినట్టుంది. వచ్చినప్పుడు నేను గమనించలేదు.

చివరికి పద్దుల పుస్తకం మిగిలింది. చెల్లెలికి ఫోన్ చేశాను.

"అమ్మ రాతని కత్తిరిస్తావా అక్కా?" అంది.

"ఒక్క పేజీయే."

"అది నీ ఒక్కదానిదే కాదుగా."

నిజమే. కత్తిరించడం ధైర్యమే అయినా, ఎవరి వస్తువు మీద ఆ ధైర్యం? పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించి ఆమెకి పంపాను. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఒక్క పేజీకి సరేనంది. 'తీసేసినవి 14' ఉన్న పేజీ చింపాను. నల్ల అట్ట మీద, కాగితం సంచుల ముక్కల మధ్యలో పెట్టి, జిగురు రాశాను. సిరా కరిగింది. ఇంకుపెన్నుతో రాసిందని తెలుసు, తడి తగిలితే కరుగుతుందనీ తెలుసు. ఓ మూల పరీక్షించి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. 'పెద్దవి' అన్న మాట నీలం మరకయింది. పక్కనున్న అంకె పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం ఇక్కడ 'ఆ మరకే అందంగా ఉంది' అని ముగిస్తే చదవడానికి బాగుంటుంది. కానీ అది అందంగా లేదు. జిరాక్స్‌లో అంకె ఉంది, అమ్మ చెయ్యి ఒత్తిన గుర్తు లేదు. ధైర్యానికి ఖర్చుంటుంది, అది ఒక్కోసారి మళ్లీ దొరకని వాటిలోంచి పోతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందు చూపించాల్సిన శ్రద్ధని నేను తక్కువ చెయ్యను. అయితే ఒకటి. ఫెయిర్ కాపీ కోసం నేను పోగొట్టుకున్న పాతిక పేజీలకి మరక కూడా మిగల్లేదు. రెండు నష్టాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది పెద్దదో నాకు అనుమానం లేదు. పొద్దున లేచి మిగతా ముక్కలు అంటించాను.

పోయిన నెల చెల్లెలు వచ్చింది. అట్ట గోడకి ఆనించి ఉంది. దగ్గరికెళ్లి చాలాసేపు చూసింది. "ఇక్కడ ముడత పడిందేం?" అంది. మరక దగ్గర ఏమీ అనలేదు. తర్వాత చెయ్యి చాపి, సంచి ముక్క అంచు మీద గోటితో ఒక్కసారి గట్టిగా గీరి చూసింది.

ఊడలేదు.